సంధ్యారాణక్క పలక

సంధ్యారాణక్కకు ఎవరైనా నమస్కారం పెడితే తిరిగి నమస్కారం పెట్టే అలవాటు లేదు. భుజాన సంచిలోంచి పలక తీస్తుంది, బలపం తీస్తుంది, "ముందు ఒక ఆ పట్టు నాయనా" అంటుంది. మీరు నిండుగా గాలి పీల్చి "ఆ..." అని శ్రుతి పట్టాలి. ఆవిడ బలపంతో పలక చెక్క మీద టక్కు టక్కుమని కొడుతూ లెక్కపెడుతుంది. మీ ఊపిరి ఎక్కడ అయిపోతే లెక్క అక్కడ ఆగుతుంది. ఆ అంకె పలక మీద వేసుకుని, అప్పుడు తీరిగ్గా అడుగుతుంది: "బాగుండావా? ఇంట్లో అంతా బాగుండారా?"

మార్కాపురంలో ఈ ఆ పట్టని మనిషి లేడు. తహసీల్దారు గారు పట్టారు. కొత్తగా వచ్చిన ఎస్సై గారు టోపీ తీసి మరీ పట్టారు. కొమరోలు బస్సులో కండక్టరు టికెట్లు కొట్టడం మానేసి పడితే, పాపం ఒంటరివాడైపోతాడని వెనక సీట్ల వాళ్లంతా అందుకున్నారు. డ్రైవరు కూడా గొంతు సవరించుకోబోతే అక్కే ఆపింది. "నువ్వు రోడ్డు చూడు నాయనా, దిగినాక పాడుదువులే" అంది. ఆయన గిద్దలూరు స్టాండులో ఇంజను ఆపీ ఆపకముందే దిగి, అక్క సీటు కిటికీ కింద నిలబడి బాకీ ఏమీ ఉంచుకోకుండా పట్టి పోయాడు.

నా పేరు ముస్తాక్ అహ్మద్. బస్టాండు వెనక సందులో నాది మైక్ సెట్ల దుకాణం. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకూ దర్గా ఉరుసులకూ తిరునాళ్లకూ మీటింగులకూ పెట్టెలు మోస్తున్నాను. పామూరు నుంచి గిద్దలూరు దాకా ఎవరి గొంతు ఎంత పెంచాలో, ఎవరిది ఎంత తగ్గించాలో నాకు తెలుసు. ఎవరిది పూర్తిగా ఆపేయాలో కూడా తెలుసు గానీ, మైకును ఎక్కువ గంటలకు బాడుగకు మాట్లాడుకునేది వాళ్లే.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం అక్క నా దుకాణం మెట్లెక్కింది. కత్తిరించిన తెల్లజుట్టు, నేతచీర, కాళ్లకు కాన్వాసు బూట్లు, మెడలో రేగుపళ్లంత పూసలు. ఏదో అమ్మడానికి వచ్చిన మనిషి అనుకుని "ఏమీ వద్దమ్మా" అన్నాను.

"నేనేమీ అమ్మడానికి రాలే. ఒక ఆ పట్టు."

"ఎందుకు?"

"ముందు పట్టు, చెప్తా."

పట్టాను. పదహారు దెబ్బలకు కళ్లు తేలేశాను. అక్క పలక మీద పదహారు వేసి, నన్ను కిందికీ పైకీ చూసింది.

"సిగరెట్లు తాగుతావా?"

"ఎప్పుడన్నా."

"రోజుకెన్ని సార్లు వస్తాది ఈ ఎప్పుడన్నా?"

నేను జేబులోని పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అయితే ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క అయిపోయింది. నేను తమ్ముణ్ణి అయిపోయాను.

అక్క మా ఊరి హైస్కూలు లెక్కల మాస్టారి కూతురే. తిరుపతిలో సంగీతం చదివింది. తర్వాత బంగారు గనుల్లో పనిచేసేవాళ్ల పాటల మీద పరిశోధన చేస్తానని జొహానెస్‌బర్గ్ పోయింది. రెండేళ్లని చెప్పి పోయిన మనిషి ఇరవై రెండేళ్లు ఉండిపోయింది. పగలు కాలేజీలో పాఠం చెప్పేది, సాయంత్రాలు జాజ్ బ్యాండుతో పాడేది, ఆదివారాలు గని కార్మికుల బృందాలతో గొంతు కలిపేది. ఆ మూడూ కలిపి తనదంటూ ఒక పాట తయారు చేసుకుని, దాని గురించి ఇంగ్లీషులో లావాటి పుస్తకం రాసింది. నాకూ ఒకటి ఇచ్చింది. చాలా ఉపయోగపడింది. నా పాత యాంప్లిఫయరుకు ఒక కాలు పొట్టి, దాని కింద సరిగ్గా సరిపోయింది.

"జాజంటే ఏందక్కా?" అని ఒకసారి అడిగాను.

"పాట పోవాల్సిన దారి తెలిసి కూడా, కావాలని పక్క సందులోకి పోయి రావడం."

"మళ్ళీ ఇంటికి వస్తాదా?"

"వస్తే జాజు. రాకుంటే నీ మైకు."

ఆ మైకు మాట ఎందుకొచ్చిందంటే, గిద్దలూరులో ఒక స్కూలు వార్షికోత్సవం వల్ల. అక్క ముఖ్య అతిథి. స్టేజి ఎక్కి ఆ గనుల పాట అందుకుంది. మొదట చక్కగానే ఉంది. ఒక్క గొంతే అయినా, మా తిరునాళ్లలో ఒకరు అంటే పదిమంది అందుకున్నట్టే ఉంది. రెండో చరణంలో స్పీకర్లో టక్, టక్, టాక్ అని చప్పుళ్లు మొదలయ్యాయి. వైరు మార్చాను. టక్. మైకు మార్చాను. టాక్. స్పీకరు పెట్టెను అరచేత్తో నాలుగు చరిచాను. స్టేజి కింద పాక్కుంటూ పోయి ప్లగ్గులన్నీ పీకి మళ్ళీ పెట్టాను. ఈలోగా పాట అయిపోయింది, జనం చప్పట్లు కొట్టారు, నేను బూజు పట్టిన తలతో బయటికి వచ్చాను.

"అక్కా, క్షమించు. కనెక్షన్ లూజు."

"కనెక్షన్ కాదు తమ్ముడూ, నా నాలుక. ఆ గనులోళ్ల భాషలో అట్ల నాలుకతో కొట్టే అక్షరాలుండయ్."

"ఆ మాట ముందు చెప్పొద్దా?"

"నువ్వు పెట్టెను కొట్టింది తాళానికి భలే కుదిరింది. వచ్చేసారి కూడా కొట్టు."

ఇంకోసారి దోర్నాలలో పెళ్లికి మైకు కట్టి వ్యానులో తిరిగొస్తున్నాం. అడవి చెక్‌పోస్టు దగ్గర గార్డు ఆపాడు. పెట్టెల్లో ఏముందని అడిగాడు. అక్క కిటికీలోంచి పలక బయట పెట్టింది. గార్డు పద్దెనిమిది దగ్గర ఆగి, "ఇంకోసారి మేడం, ఇందాక రెడీగా లేను" అన్నాడు. వెనక శ్రీశైలం పోయే కార్లు బారులు తీరి హారన్లు మోగిస్తున్నాయి. అక్క దిగి ఆ హారన్లన్నీ విని, మూడో కారు ఒక్కటే శ్రుతిలో ఉందని తీర్పు చెప్పింది. ఆ కారు వాళ్లను గార్డు ముందు పంపించాడు.

ఇలా ఊరంతా అంకెల మీద పడింది. టీకొట్టు దగ్గర పేరుతో పాటు అంకె చెప్పుకోవడం మామూలైంది. అందరికంటే పెద్ద అంకె నా వృత్తిలో నాకు పోటీదారుడైన వెంకటస్వామిది. అవతలి సందులో అతనిదీ మైక్ సెట్ల దుకాణమే. ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగును బోర్డు మీద రాయించలేదు గానీ, ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పాడు. నాకు రెండుసార్లు చెప్పాడు.

పోయినేడు దసరా వెళ్లగానే అక్క కబురు పెట్టింది. మార్కాపురానికి ఒక కోరస్ కడుతుందట. మేడే నాడు హైస్కూలు మైదానంలో పాడిస్తుందట. ఇన్నేళ్లూ పలక మీద అంకెలు ఎందుకు వేసిందో ఇప్పుడు అర్థమైందని ఊరంతా అనుకుంది. వెంకటస్వామి మిరియాల కషాయం మొదలుపెట్టాడు. పదహారు వాణ్ణే అయినా నేను కూడా చిన్నప్పుడు స్కూల్లో ప్రార్థన పాడించినవాణ్ణి కాబట్టి ఆశ పెట్టుకున్నాను.

జాబితా నా దుకాణం షట్టరు మీదే అంటించింది. పదకొండు మంది. మొదటి పేరు నరేష్, ఏడు. రెండో పేరు మాలకొండయ్య, ఆరు. తర్వాత ఎనిమిది, ఏడు, తొమ్మిది... అందరూ రాయి కోసి పలకలు చేసే షెడ్లలో రంపం మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లే. అక్క రోజూ టీ వేళకు ఆ షెడ్లకు పోయి ఆ పట్టించేది. పదికి పైన అంకె వచ్చిన గొంతు ఒక్కటి లేదు.

పదేళ్లలో మొదటిసారి వెంకటస్వామి నా దుకాణంలో కాలు పెట్టాడు.

"ఏందిది ముస్తాకూ? ఆ మాలకొండయ్య మెట్టు ఎక్కితే కూచుంటాడు. పాడేదెట్ల?"

"నన్నడుగుతావేంది, నేనూ నీ మాదిరే మిగిలిపోయినా."

"జాబితా తలకిందులుగా చదవాలేమో?"

"ఎట్ల చదివినా మన పేర్లు లేవు."

ఇద్దరం చెరొక టీ తాగి, ఒకరినొకరు ఓదార్చుకున్నాం.

రిహార్సల్ చూశాక మా బాధ రెట్టింపైంది. అక్క ఒక వాక్యం ఎత్తుకుంటే పదకొండు మందీ అందుకునేవాళ్లు, సగానికి వచ్చేసరికి ఆరుగురు మిగిలేవాళ్లు, చివరికి ఒకడు. అక్క ముఖం మాత్రం వెలిగిపోయేది. "భలే! ఇంకోసారి!" అనేది. పైగా ఆ కోరస్‌కు షరతులు. ప్రతి గాయకుడూ ఒంగోలు పోయి ఛాతీ ఫోటో తీయించుకు రావాలి. గొంతు ఎక్కణ్ణుంచి పుడుతుందో చూడాలట. ఇక షెడ్డు యజమాని కరుణాకరం గారితో ఆవిడ పడ్డ పేచీ నా కళ్ల ముందే జరిగింది.

"కరుణాకరం, నా గాయకుల గొంతులు నీ షెడ్డులో పాడైతాండయ్. రంపం మీద నీళ్లు పారేటట్లు పైపులు పెట్టించు."

"నీళ్లు పెడితే నేలంతా బురదైతాది కదమ్మా."

"బురద కడిగితే పోతాది, దుమ్ము పోదు. ఇంకోటి, ఆ రంపం మోతకు వీళ్ల చెవులు పోతాండయ్. కోరస్ వాళ్లను బయట ప్యాకింగులో వెయ్యి."

"ఇది ఫ్యాక్టరీనా, పాటల బడా?"

"మేడే నాడు స్టేజి మీద 'కరుణాకరం గారి షెడ్డు గాయకులు' అని చెప్పాల్నా, పక్క షెడ్డోళ్ల పేరు చెప్పాల్నా? అది చెప్పు."

మూడో రోజుకు పైపులు వచ్చాయి. పక్క షెడ్డులో నాలుగో రోజుకు వచ్చాయి.

సంక్రాంతి దాటాక జాబితాలో పన్నెండో పేరు చేరింది. రఫీ, తొమ్మిది. రఫీ మా కుల్సుమ్ తమ్ముడు, నాకు బామ్మర్ది. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. పదిహేనేళ్లుగా రంపం దగ్గరే పని. జన్మలో ఒక పాట పాడి ఎరగడు.

"బావా, నేను సెలెక్టయినా!" అని స్వీటు పెట్టె తెచ్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పదహారు ఉన్న బావ బయట, తొమ్మిది ఉన్న బామ్మర్ది లోపల. రఫీ పోతూ వాకిట్లో బండి స్టార్టు చేసి, కదలకుండా చాలాసేపు ఎక్సలేటర్ తిప్పాడు. ఇల్లంతా మోత.

"పోరాదా, ఊరికే పెట్రోలు కాలుస్తాండాడు" అన్నాను.

"దగ్గు వినపడకుండా అట్ల చేస్తాడు" అంది కుల్సుమ్. "నాలుగు నెలల్నుంచి ఇంతే. అడిగితే చలి అంటాడు."

ఆ మాట నేను వినీ విననట్టు ఊరుకున్నాను. నా మనసంతా నా పదహారు మీదే ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, నిజం అదే.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి పోయాను. పడక గదిలాంటి గది ఒకటి తలుపు తీసి ఉంది. గోడల నిండా మేకులు, మేకు మేకుకూ ఒక పలక. ఒక్కో పలక మీద ఒక పేరు, కింద ఏటేటా వేసిన అంకెలు. మార్కాపురం పలకలు అన్ని ఒక చోట బడిలో కూడా చూడలేదు.

"అక్కా, నేను అడగడానికే వచ్చినా. నువ్వు గొంతులు ఏరేది ఎట్ల? మా రఫీ కంటే నేను పనికిరానా?"

అక్క గోడ దగ్గరకు పోయింది. ఒక పలక మేకు మీంచి తీసి నా చేతికిచ్చింది. రఫీ. పంతొమ్మిది. పద్దెనిమిది. పదిహేను. పన్నెండు. తొమ్మిది.

నేను పక్క పలక చూశాను. నరేష్. పద్నాలుగు, పదకొండు, ఏడు. దాని పక్కది చూశాను. అన్నీ దిగిపోతున్న అంకెలే. అక్కడే అరుగు లాంటి పెట్టె మీద కూర్చున్నాను.

"జొహానెస్‌బర్గులో ఒక పెద్దాయన ఉండె" అంది అక్క. "గనిలో పని, ఆదివారం కోరస్ నడిపేవాడు. వారం వారం అందరి చేతా ఇట్లనే ఆ పట్టించి, కొందరిని పక్కకు తీసి తన దగ్గర నిలబెట్టుకునేవాడు. మంచి గొంతులు ఏరుతాండాడు అనుకున్నా. అట్లనే రాసుకున్నా. మూడేళ్లకు తెలిసింది నాకు. ఆయన ఊపిరి తగ్గినోళ్లను ఏరి, గని డాక్టరు కాడికి తోలుతాండాడు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే, మనిషికి తెలిసేలోపల పాటకు తెలుస్తాది."

"మరి మాకు ఒక మాట చెప్తే ఏం పోయె అక్కా?"

"మొదటి ఏడాది చెప్పినా. జబ్బు అన్నాను. ఒక్కడు రాలే. జబ్బని పేరొస్తే పనిలోంచి తీసేస్తారని భయం. ఓనర్లు షెడ్డు కాడికి నన్ను రానీలేదు. పాట అన్నాను, స్వీట్లు పంచుకుంటా వచ్చినారు." అక్క నవ్వింది. "నువ్వు పొరపాటు పడినావని సిగ్గుపడబాకు. నేను అదే పొరపాటు పుస్తకంలో అచ్చేసినా. నీకిచ్చినా చూడు, ఆ పుస్తకం ఎక్కడుంది?"

"యాంప్లిఫయరు కిందక్కా."

"అక్కడే ఉండనీ. అంతకంటే పనికిరాదు." తర్వాత గొంతు తగ్గించింది. "రఫీ ఒంగోలుకు ఛాతీ ఫోటోకు పోలే తమ్ముడూ. నాలుగుసార్లు చెప్పినా. రేపు, ఎల్లుండి అంటాండాడు. రంపం కాడ ఇంకో ఏడాది గడిస్తే నా పాట కూడా చేసేదేమీ లేదు. నువ్వు తీసుకుపో."

రఫీ దగ్గరకు పోయి జబ్బు అని అంటే బండి ఎక్కి పారిపోతాడని నాకు తెలుసు. అక్క శిష్యుణ్ణి కాబట్టి వేరే దారి పట్టాను.

"రఫీ, రేపటి లోపల ఛాతీ ఫోటో ఇయ్యకపోతే నీ జాగాలో వెంకటస్వామిని పెడతారంట."

"వాడినా!" అన్నాడు రఫీ. తెల్లారి మొదటి బస్సుకే ఒంగోలు పోయాం.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాడు. దుమ్ము చేరిందన్నాడు. పోయిన ఊపిరి తిరిగి రాదు, రంపం దగ్గరకు మళ్ళీ పోకుండా ఉంటే ఉన్నది నిలబడుతుంది, మంచి వేళకు వచ్చారు అన్నాడు. ఎవరు పంపించారని అడిగాడు.

"మా కోరస్ అక్క సార్" అన్నాడు రఫీ.

డాక్టరు కళ్లజోడు తీశాడు. "ఈ మధ్య మార్కాపురం నుంచి కోరస్ అని చెప్పుకుని వచ్చిన తొమ్మిదోవాడివి. ఏం కోరస్ బాబూ అది?"

తిరుగు బస్సులో రఫీ ఫిల్ము కవరును ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పొదిలి దాటాక అడిగాడు.

"అయితే బావా, నా గొంతు బాగుందని కాదా?"

"గొంతు కూడా బాగుందంట రా" అన్నాను. అబద్ధమే చెప్పాను. బస్టాండులో దిగగానే నా జేబులోని సిగరెట్ పెట్టెను టీకొట్టు వాడి పొయ్యిలో పడేశాను. మర్నాటి నుంచి రఫీ నా దుకాణంలో పనికి చేరాడు. "హలో, మైక్ టెస్టింగ్" అని ఊరికి వినిపించేది ఇప్పుడు వాడి గొంతే.

మేడే సాయంత్రం మైదానం నిండిపోయింది. వెంకటస్వామి మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను మిక్సర్ దగ్గర, నా పక్కన కుల్సుమ్. పన్నెండు మందీ కాలర్ల దాకా బొత్తాలు పెట్టుకుని స్టేజి ఎక్కారు. అక్క పాట ఎత్తుకుంది. గనుల పాటే, మాటలు మాత్రం పలకల షెడ్లవి. పాట దారి వదిలి పక్క సందుల్లోకి పోయింది, ఎక్కడెక్కడో తిరిగింది, మా పీర్ల పండగ డప్పును పలకరించి వచ్చింది. చివరికి వచ్చి ఒక్క "ఆ" దగ్గర నిలబడింది. అక్క చెయ్యి ఎత్తి దాన్ని వాళ్లకు అప్పగించింది.

నరేష్ అందుకున్నాడు. అతని ఊపిరి అయిపోయే లోపలే మాలకొండయ్య అందుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకడు. నాలుగు దెబ్బలకు మించి ఎవరినీ పట్టనివ్వలేదు అక్క. ఒకడు గాలి పీల్చుకుంటుంటే ఇంకొకడు మోస్తున్నాడు. "ఆ" మాత్రం ఎక్కడా తెగలేదు. నేను మిక్సర్ మీద వేలితో లెక్కపెడుతున్నాను. ఇరవై నాలుగు దాటింది. వెంకటస్వామి చేతులు విప్పి వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. యాభై దాటింది. అతను పక్కవాడి వేళ్లు కూడా అరువు తీసుకున్నాడు. రఫీ వంతు వచ్చింది. కుల్సుమ్ నా చొక్కా పట్టుకుంది. నాలుగు దెబ్బలు పాడాడు రఫీ. నేను బస్సులో చెప్పింది అబద్ధం కాదు, వాడి గొంతు నిజంగానే బాగుంది. నూట పది దగ్గర నేను లెక్క మరిచిపోయాను, ఎందుకంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది.

మర్నాడు పొద్దున దుకాణం తీసేసరికి అక్క మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఒక ఆ పట్టు తమ్ముడూ."

పట్టాను. ఇరవై. అక్క అంకె వేసి, చూపించి, మెచ్చుకోలుగా తలూపింది. నాకు ఆశ ఆగలేదు.

"వెంకటస్వామిది ఎంతక్కా ఇప్పుడు?"

"పోయిన నెల ఇరవై రెండు. నిన్న పంతొమ్మిది."

"తగ్గిందా! ఎందుకు?"

"అడిగినా. సిగరెట్లు ఎప్పుడన్నా తాగుతాడంట."

వెంకటస్వామిని మించిపోయానని నేను ఎగిరి గంతేయాల్సిన పొద్దు అది. ఆరేళ్లు దానికోసమే చూశాను. టీ తాగాను. పేపరు తిరగేశాను. ఏ పనీ తోచలేదు. రఫీని దుకాణంలో కూర్చోబెట్టి అవతలి సందులోకి పోయాను.

వెంకటస్వామి స్పీకరు పెట్టె తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ పక్కన పడేశాడు.

"రా ముస్తాకూ, నమస్తే. ఏంది ఇట్ల వచ్చినావు?"

తిరిగి నమస్తే చెప్పడానికి చెయ్యి ఎత్తబోయి ఆగాను. అతని బల్ల మీదున్న పెన్ను తీసుకుని, బల్ల చెక్క మీద టక్కుమని కొట్టాను.

"ముందు ఒక ఆ పట్టు" అన్నాను.